హవానా బ్రౌన్: ఆరు రోజులు పట్టిన ఒక డాలర్ పేమెంట్

సోమవారం ఉదయం 8:05కి ఆఫీసులో మెసేజ్‌ల క్యూ తెరిచాను. పైనుంచి మూడో వరసలో న్యూయార్క్ బ్యాంకు నుంచి ఒక మెసేజ్ ఉంది. రెండే వాక్యాలు. ఫలానా పేమెంట్‌ను ఆపి ఉంచాం. రెమిటెన్స్ వివరాల్లో రాసిన ‘హవానా’ ఏమిటో తెలియజేయగలరు. వచ్చిన టైమ్ చూస్తే శుక్రవారం సాయంత్రం 5:20. మా డెస్కు మూసేది ఐదింటికి. అంటే చివరి మనిషి బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిన ఇరవై నిమిషాలకు వచ్చి, మూడు రాత్రులు అక్కడే పడి ఉంది.

నేను యూరప్‌లోని ఒక బ్యాంకులో పేమెంట్ ఇన్వెస్టిగేషన్స్ డెస్కులో పనిచేస్తాను. పేరు గంభీరంగా ఉంటుంది గానీ పని ఒక్కటే. ‘డబ్బు పంపాం, అక్కడ పడలేదు, ఎక్కడుంది?’ అని అడిగేవాళ్ళకి జవాబు వెతికిపెట్టడం. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో వింత ఏమీ లేదు గనకనే. మోసం లేదు. ఖాతా నంబర్ తప్పు పడలేదు. సిస్టమ్ ఎక్కడా ఆగిపోలేదు. అందరూ ఎవరి రూల్స్ ప్రకారం వాళ్ళు పనిచేశారు. అయినా డబ్బు ఖాతాలో పడటానికి 135 గంటల 15 నిమిషాలు పట్టింది. కస్టమర్‌ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఎవరు ఎవరికి పంపారు

పంపింది బస్సు సీట్లు తయారుచేసే కంపెనీ, మా కస్టమర్. అందుకోవాల్సింది సింగపూర్‌లో తోలు సరఫరా చేసే వ్యాపారి. మొత్తం 48,600 డాలర్లు. డబ్బు ఖాతాలో పడితేగానీ సరుకు వదలనని సప్లయర్ ముందే చెప్పాడు. ఈ చివరి మాటే కేసుని వేడెక్కించింది. లేకపోతే రెండు రోజులు అటూ ఇటూ అయినా ఎవరూ ఫోన్ చేసేవాళ్ళు కాదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ‘డబ్బు యూరప్ నుంచి సింగపూర్‌కి వెళ్తోంది’ అని అందరూ అంటాం, నేనూ అంటాను. నిజానికి అలా ఏదీ వెళ్ళదు. మా బ్యాంకు డాలర్లు న్యూయార్క్‌లోని ఒక బ్యాంకు దగ్గర ఖాతాలో ఉంటాయి. దాన్ని మేం నోస్ట్రో అంటాం. సింగపూర్ బ్యాంకు డాలర్లు న్యూయార్క్‌లోనే ఇంకో బ్యాంకు దగ్గర ఉంటాయి. కదిలే డాలర్లు ఆ రెండింటి మధ్యే, ఫెడ్‌వైర్, చిప్స్ అనే అమెరికా చెల్లింపు వ్యవస్థల్లో ఏదో ఒకదాని ద్వారా కదులుతాయి. మిగతా దారంతా నడిచేది కబురు. ఆ కబురు మోసేది స్విఫ్ట్. 1973లో బెల్జియంలో పలు దేశాల బ్యాంకులు కలిసి పెట్టుకున్న సంస్థ అది. 1977లో టెలెక్స్ స్థానంలో మెసేజ్‌లు మొదలుపెట్టింది. దాని దగ్గర ఎవరి డబ్బూ ఉండదు.

అందుకే మా కస్టమర్ దగ్గర అకౌంట్స్ చూసే ఆవిడ శుక్రవారం ఉదయం సప్లయర్‌కి ‘స్విఫ్ట్ కాపీ’ పంపితే, అతను చాలదన్నాడు. ఆవిడకి కోపం వచ్చింది. నాకైతే అతనిదే సబబనిపించింది. ఆ కాగితం మేం కబురు పంపామనడానికి సాక్ష్యం, అంతే. కబురుకీ డబ్బుకీ మధ్య ఎంత దూరం ఉంటుందో మా వాళ్ళకి నేర్పిన పాత కేసు ఒకటుంది. 1974 జూన్ 26న జర్మన్ అధికారులు కొలోన్‌లోని హెర్‌స్టాట్ బ్యాంకు లైసెన్స్ రద్దు చేశారు. అక్కడ పనివేళలు ముగిశాయి, న్యూయార్క్‌లో ఇంకా ఉదయమే. ఆ రోజు జర్మనీలో మార్కులు (అప్పటి జర్మన్ కరెన్సీ) చెల్లించేసి, బదులుగా న్యూయార్క్‌లో డాలర్లు పడతాయని చూస్తున్న బ్యాంకులకి ఏమీ పడలేదు. గడియారాల తేడాలో డబ్బు ఇరుక్కుపోయే ప్రమాదానికి ఇవాళ్టికీ ఆ బ్యాంకు పేరే వాడతాం. తోలు వ్యాపారికి ఆ కథ తెలుసో లేదో గానీ, బుద్ధి మాత్రం అదే.

గురువారం 4:50

అది అక్టోబర్ రెండో వారం. గురువారం సాయంత్రం 4:50కి ఆవిడ ఆన్‌లైన్‌లో పేమెంట్ ఓకే చేశారు. మరుక్షణం బ్యాలెన్స్ తగ్గింది. మా బ్యాంకులో డాలర్ పేమెంట్ల కట్-ఆఫ్ నాలుగింటికి. యాభై నిమిషాలు ఆలస్యం. స్క్రీన్ మీద కింద చిన్న అక్షరాల్లో ‘తదుపరి పనిదినాన ప్రాసెస్ అవుతుంది’ అని ఉంటుంది. ఎవరు చదువుతారు? నేనైనా చదవను. ఖాతాలోంచి పోయిందంటే వెళ్ళిపోయినట్టే అనుకుంటాం.

కట్-ఆఫ్ అంటే బద్ధకానికి పెట్టుకున్న గడువు అని చాలామంది అనుకుంటారు. కాదు. ఒక్కో కరెన్సీలో ఆ రోజు ఎంత బయటకి వెళ్తుందో లెక్క కట్టి, నోస్ట్రో ఖాతాలో అంత ఉండేలా చూసుకోవాలి. ఏదైనా తేడా వస్తే ఆ రోజే సరిచేయడానికి మనుషులుండాలి. ఆ లెక్క ముగించే టైమే కట్-ఆఫ్. దాని తర్వాత వచ్చింది రేపటి వాల్యూ డేట్‌తో, అంటే రేపటి లెక్కలోకి వెళ్తుంది. అలా ఈ పేమెంట్ శుక్రవారం ఉదయం 8:10కి బయటకి వెళ్ళింది. మొదటి 15 గంటల 20 నిమిషాలు మా దగ్గరే అయిపోయాయి.

కేసు ముగిశాక కూర్చుని ఒక లెక్క వేశాను. ఆ పేమెంట్ గురువారం 3:50కి ఓకే అయి ఉంటే న్యూయార్క్‌లో ఉదయం పదింటికి ముందే చేరేది. అక్కడి వాళ్ళు అడిగే ప్రశ్న మాకు శుక్రవారం పొద్దున్నే కనబడేది. మేం పదకొండున్నరకి జవాబిస్తే, మధ్యాహ్నం అక్కడ ఆఫీసు తెరిచాక వదిలేసేవాళ్ళు. సోమవారం సింగపూర్‌లో పడేది. గంట ముందు నొక్కి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి. గంట ఆలస్యమైతే చేరడమూ గంటే ఆలస్యం కాదు. ఎదురుగా వారాంతం, దాని వెనక సెలవు ఉంటే ఆ గంట అంతా మింగేస్తుంది.

(ఈ డెస్కు మీద పనిచేసేవాళ్ళకే తెలిసే ఇంకో తమాషా. యూరప్ గడియారాలు అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి తిరుగుతాయి, అమెరికావి నవంబర్ మొదటి ఆదివారం. ఆ మధ్యలో ఒక వారం న్యూయార్క్‌కీ మాకూ తేడా ఆరు గంటలు కాదు, ఐదే. మార్చిలో కూడా రెండు మూడు వారాలు ఇలాగే ఉంటుంది. ఏటా ఎవరో ఒకరు పొరబడతారు.)

హవానా

శుక్రవారం ఉదయం 8:10 అంటే న్యూయార్క్‌లో తెల్లవారుజామున 2:10. మెసేజ్ సెకన్లలో చేరింది. ఆ టైమ్‌కి ఫెడ్‌వైర్ కూడా తెరిచే ఉంటుంది. ముందు రోజు రాత్రి తొమ్మిదికి మొదలై మర్నాడు సాయంత్రం ఏడు దాకా, రోజుకి 22 గంటలు నడుస్తుంది. అంటే ఏ అడ్డూ లేకపోతే ఆ డబ్బు అప్పుడే రెండో బ్యాంకుకి మారిపోయేది.

అడ్డు పడింది ఒక రంగు పేరు. ఇన్వాయిస్ నంబర్ రాయాల్సిన చోట ఆవిడ సరుకు పేరు కూడా జోడించారు: ‘ఇన్వాయిస్ 2217, లెదర్, హవానా బ్రౌన్’. తోలు వ్యాపారంలో అది ఒక ముదురు గోధుమ రంగు పేరు. పేమెంట్లలో ఆంక్షలున్న పేర్లు వెతికే స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం హవానా అంటే క్యూబా రాజధాని. క్యూబా మీద అమెరికా ఆంక్షల నిబంధనలు 1963 నుంచీ ఉన్నాయి. వాటిని చూసేది అక్కడి ట్రెజరీలోని ఓఫాక్ విభాగం. పంపినవాడు యూరప్‌లో, అందుకునేవాడు సింగపూర్‌లో ఉన్నా, డాలర్లు న్యూయార్క్‌లో చేతులు మారుతున్నాయి కాబట్టి అమెరికా చట్టం వర్తిస్తుంది. తప్పు పేమెంట్ వదిలితే పడే జరిమానా ముందు, మంచి పేమెంట్‌ని ఒక రోజు ఆపితే వచ్చే చెడ్డపేరు ఏపాటిది? అందుకే మెషీన్ అనుమానిస్తే ఆపుతుంది. ఆపినదాన్ని మనిషి చూసి వదలాలి.

మా ఫిల్టర్ ఎందుకు ఆపలేదని మా మేనేజర్ అడిగారు. చూస్తే, మూడేళ్ళ కిందట ఇదే మాటతో మాకొక తప్పుడు హిట్, అంటే మెషీన్ తప్పు అనుమానం, వచ్చింది. అప్పుడు ఎవరో ‘హవానా బ్రౌన్’ని తెలిసిన పదాల జాబితాలో చేర్చారు. మా లిస్టులో అది రంగే. న్యూయార్క్ లిస్టులో ఇంకా ఊరే. ఒక్కో బ్యాంకుకి ఒక్కో లిస్టు. ఒకరి లిస్టు ఇంకొకరికి తెలియదు, తెలియనివ్వరు కూడా.

ఇలా ఆగినవి చూసే ఆ బ్యాంకు కంప్లయన్స్ ఉద్యోగులు వచ్చేది అక్కడి ఎనిమిదింటికి. అంటే మా టైమ్ మధ్యాహ్నం రెండు. వచ్చాక వాళ్ళ ముందు రాత్రంతా పోగైన హిట్లుంటాయి. మాది తీసి చూసేసరికి 11:20 అయింది. వాళ్ళు చేయాల్సింది వాళ్ళు సరిగ్గానే చేశారు. చూసిన వెంటనే మమ్మల్ని అడిగారు. ఆ అడిగిన క్షణమే మా టైమ్ 5:20.

మధ్యలో మేం దొరకబుచ్చుకోగలిగిన అవకాశం ఒకటి చేజారింది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఆవిడ ఫోన్ చేశారు. మా కొలీగ్ ట్రాకర్ చూసి, ‘న్యూయార్క్ చేరిందండీ, ప్రాసెస్‌లో ఉంది’ అన్నాడు. అబద్ధం కాదు. ప్రతి పేమెంటుకీ యూఈటీఆర్ అని 36 అక్షరాల నంబర్ ఉంటుంది. 2018 నవంబర్ నుంచి స్విఫ్ట్‌లో అది తప్పనిసరి. దాన్ని పట్టుకుని పేమెంట్ ఏ బ్యాంకు దగ్గరుందో, ఎప్పుడు చేరిందో, ఎప్పుడు కదిలిందో చూడొచ్చు. కొరియర్ ట్రాకింగ్ లాంటిదే. కానీ ‘ప్రాసెస్‌లో ఉంది’ అనే మాటని రెండు రకాలుగా చదవాలి. న్యూయార్క్ టైమ్ 2:10కి చేరినది 2:11కి కదిలి ఉండాలి. కదలకుండా ఏడు గంటలు ఉందంటే మెషీన్ వదిలేసి మనిషి చేతిలో పెట్టిందన్నమాట. అది చూసి మనమే ముందు ఫోన్ చేయొచ్చు, ఇన్వాయిస్ తెప్పించి సిద్ధంగా పెట్టుకోవచ్చు. మా కొలీగ్ ట్రాకర్ చూశాడు గానీ గడియారం చూడలేదు. అతన్ని తప్పుపట్టను. ఆ సీట్లో నేనున్నా ఆ రోజు అదే చెప్పేవాణ్ణేమో.

సోమవారం నేనిచ్చిన మాట

మెసేజ్ చూడగానే ఆవిడకి ఫోన్ చేశాను. ఇన్వాయిస్, రంగుల కేటలాగ్ పేజీ రెండూ పంపమన్నాను. పదకొండుకల్లా వచ్చాయి. 11:30కి న్యూయార్క్‌కి జవాబు వెళ్ళింది: అది ఊరు కాదు, తోలు రంగు, క్యూబాతో ఈ సరుకుకి గానీ, ఇరుపక్షాలకి గానీ సంబంధం లేదు, ఇన్వాయిస్ జతచేశాం. ఇలాంటి జవాబులో అడిగిన ప్రశ్నకి నేరుగా సమాధానం ఉండాలి. ‘ఇది మామూలు వ్యాపార చెల్లింపు’ అని రాస్తే మళ్ళీ ప్రశ్న వస్తుంది, మళ్ళీ ఒక రోజు పోతుంది. ఈ పనిలో నేను నేర్చుకున్న అసలు విద్య ఇదొక్కటే అనుకుంటాను.

ఆ తర్వాత ధీమాగా ఆవిడతో అన్నాను. ‘మన టైమ్ మధ్యాహ్నం రెండింటికి న్యూయార్క్ తెరుస్తుందండీ. సాయంత్రానికి వదిలేస్తారు. రేపు పొద్దున సింగపూర్‌లో పడుతుంది.’ ఆవిడ అదే మాట సప్లయర్‌కి చెప్పారు.

రెండైంది. మూడైంది. ట్రాకర్ కదల్లేదు. నాలుగింటికి మా ట్రెజరీ కుర్రాడు అటుగా వెళ్తూ, ‘ఇవాళ న్యూయార్క్ మూసి ఉంది కదా, దేనికోసం చూస్తున్నారు?’ అన్నాడు. అక్టోబర్ రెండో సోమవారం కొలంబస్ డే. ఫెడరల్ సెలవు, ఫెడ్‌వైర్ నడవదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ సెలవు మా గోడ మీది క్యాలెండర్‌లో లేదు, మాకు సెలవు కాదు. ఇన్నేళ్ళుగా డాలర్ పేమెంట్లు చూస్తున్న నాకు అది గుర్తుకు రాకపోవడం మాత్రం సిగ్గుచేటే.

ఆవిడకి ఫోన్ చేసి చెప్పడం ఈ కేసులో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. ఆవిడ ఒక్కటే అడిగారు. ‘నా ఫోన్లోంచి ఇంకొకరికి పంపితే పది సెకన్లలో పడుతోంది. ఇది ఐదో రోజు. ఎందుకు?’

న్యాయమైన ప్రశ్న. యూరో ఖాతాల మధ్య ఇన్‌స్టంట్ ట్రాన్స్‌ఫర్ పది సెకన్లలో పడాలని 2017 నవంబర్ నుంచీ రూలు. బ్రిటన్‌లో ఫాస్టర్ పేమెంట్స్ 2008 నుంచి ఉంది. భారత్‌లో యూపీఐ వచ్చింది 2016లో, అమెరికాలో ఫెడ్‌నౌ 2023లో. ఇవన్నీ వేగంగా ఉండటానికి కారణం కంప్యూటర్ల గొప్పతనం కాదు. ఒకే కరెన్సీ, ఒకే రూల్‌బుక్, రాత్రీ పగలూ సెలవూ లేకుండా తెరిచి ఉండే ఒకే వ్యవస్థ. ఇటు బ్యాంకు, అటు బ్యాంకు రెండూ అందులో సభ్యులే. ఆంక్షల తనిఖీ కూడా దానికి తగ్గట్టే అమర్చుకున్నారు. మన పేమెంటుకి మాత్రం నాలుగు బ్యాంకులు, మూడు టైమ్ జోన్లు, మూడు సెలవుల పట్టికలు. ఇదంతా ఆవిడకి ఫోన్లో చెప్పాను. విన్నారు. ‘సరే, అయితే దీన్ని క్యాన్సిల్ చేసి కొత్తగా పంపుతాను, ఆ రంగు పేరు లేకుండా’ అన్నారు.

వద్దని గట్టిగా చెప్పాను. ఇలాంటి కేసుల్లో నిజంగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. క్యాన్సిలేషన్ అంటే బటన్ కాదు, అదీ ఇంకో కబురే. అదే న్యూయార్క్ క్యూలోకి వెళ్తుంది, అదే సెలవు దానికీ ఉంటుంది. ఈలోగా మొదటి పేమెంట్ వదిలేస్తే, సింగపూర్‌లో ఖాతాలో పడ్డాక దాన్ని వెనక్కి తేవాలంటే సప్లయర్ ఒప్పుకోవాలి. రెండు పేమెంట్లూ పడి, ఒకటి వెనక్కి రావడానికి నెలలు పట్టిన కేసులు నా చేతుల మీదుగానే నడిచాయి. ఆగిన పేమెంట్ ఎక్కడుందో తెలిసినప్పుడు, దాన్ని కదిలించడమే దగ్గరదారి.

నాలుగు నిమిషాలు, తర్వాత ఒక రాత్రి

మంగళవారం న్యూయార్క్‌లో ఉదయం 9:10కి హోల్డ్ తీసేశారు. మాకు మధ్యాహ్నం 3:10. నేను ట్రాకర్ తెరిచి పెట్టుకునే ఉన్నాను. మొదటి న్యూయార్క్ బ్యాంకు నుంచి రెండోదానికి, అక్కడి నుంచి సింగపూర్‌కి కబురు. 3:14కి సింగపూర్ బ్యాంకు పేరు పక్కన ‘అందింది’ అని పడింది. నాలుగు నిమిషాలు. ఐదు రోజులుగా ఎదురుచూసిన దారి మొత్తం అదే.

అప్పుడు సింగపూర్‌లో రాత్రి 9:14. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా. పేరు సరిపోతే ఆ బ్యాంకు మెషీన్ రాత్రయినా జమ చేసేదేమో. సరిపోలేదు. ఇన్వాయిస్ మీద ఉన్నది దుకాణం పేరు, ఖాతా ఉన్నది రిజిస్టరైన కంపెనీ పేరు మీద. ఆవిడ ఇన్వాయిస్ చూసి రాశారు. ఖాతా నంబర్ సరైనదే గనక వెనక్కి తిప్పలేదు, పక్కన పెట్టారు. బుధవారం ఉదయం ఆ బ్యాంకు ఉద్యోగి సప్లయర్‌ని అడిగి, ఆ రెండూ ఒకరివేనని కాగితం తీసుకుని, మధ్యాహ్నం 2:05కి జమ చేశాడు. యూరప్‌లో ఉదయం 8:05.

జమ అయింది 48,600 కాదు, 48,575. ఛార్జీల దగ్గర ‘షా’ అని పెట్టారు. అంటే ఎవరి వైపు ఖర్చు వాళ్ళది, మధ్యలో ఉన్న బ్యాంకు తన రుసుము పంపిన మొత్తంలోంచే కోసుకుంటుంది. ఇరవై ఐదు డాలర్ల కోసం సప్లయర్ ఇంకో అరపూట సరుకు ఆపాడు. పూర్తి మొత్తం చేరాల్సిన ఇన్వాయిస్‌కి ‘అవర్’, అంటే ఖర్చంతా పంపినవాళ్ళదే అని, పెట్టాలని మేం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

గంటల లెక్క

లాగ్ ముందు పెట్టుకుని విడగొడితే ఇలా వచ్చింది. కట్-ఆఫ్ దాటినందుకు 15 గంటల 20 నిమిషాలు. న్యూయార్క్ క్యూలో శుక్రవారం 9 గంటల 10 నిమిషాలు. ఆ ప్రశ్న మా క్యూలో ఉన్నది 62 గంటల 45 నిమిషాలు. జవాబు తయారు చేయడానికి 3 గంటల 25 నిమిషాలు. సెలవు, ఆపైన మర్నాడు వాళ్ళు వచ్చి చూసేదాకా 27 గంటల 40 నిమిషాలు. ప్రయాణం నాలుగు నిమిషాలు. సింగపూర్‌లో 16 గంటల 51 నిమిషాలు.

మీటింగ్‌లో ఈ కాగితం పెట్టేముందు అందరి నోటా ఒకటే మాట: న్యూయార్క్ ఆపింది. కస్టమర్‌కీ అదే చెప్పాం. కానీ అంకెలు చూస్తే, అన్నిటికన్నా పెద్ద ముక్క మాది. దాదాపు సగం. న్యూయార్క్ వాళ్ళు అడిగారు, మేం వినలేదు. కట్-ఆఫ్ గంటలు కూడా కలిపితే సగం దాటిపోతుంది. ఈ మాట అన్నప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో ‘వారాంతం కదా’ అన్నారు. నిజమే. కానీ శుక్రవారం 5:20కి న్యూయార్క్‌లో ఇంకా సగం రోజు పని మిగిలే ఉంది. ఆ సాయంత్రమే ఇన్వాయిస్ తెప్పించి పంపి ఉంటే, అదే రోజు వదిలి ఉండొచ్చు.

2022లో కేంద్ర బ్యాంకుల ఉమ్మడి సంస్థ బీఐఎస్‌లోని చెల్లింపుల కమిటీ స్విఫ్ట్ ట్రాకింగ్ డేటా తీసుకుని ఒక పరిశీలన ప్రచురించింది. సరిహద్దులు దాటే పేమెంట్లలో సగం రెండు గంటల లోపే చేరుతున్నాయని, ఆలస్యమయ్యేవాటిలో ఎక్కువ టైమ్ పోయేది చివర్లో, అందుకునే బ్యాంకు దగ్గరేనని అందులో తేలింది. మా డెస్కులో ఆ మాట తరచూ వాడుకుంటాం, ఎందుకంటే మనకి అనుకూలంగా ఉంటుంది. 2027 చివరికల్లా నాలుగింట మూడు వంతుల పేమెంట్లు గంటలోపు పడాలని జీ20 దేశాలు పెట్టుకున్న లక్ష్యం గురించి కూడా మాట్లాడతాం. సగటు వేరు, చేతిలో ఉన్న కేసు వేరు. ఈ కేసులో చివరి బ్యాంకు ఒక రాత్రి, ఒక పూట మాత్రమే తీసుకుంది.

ఏం మార్చాం

శుక్రవారాలు ఒకరు రాత్రి తొమ్మిది దాకా ఉంటున్నారు. ఇన్వెస్టిగేషన్ అంతా చేయడానికి కాదు. కరెస్పాండెంట్ బ్యాంకుల (మా నోస్ట్రో ఖాతాలుండే బ్యాంకులు) నుంచి వచ్చే ప్రశ్నలు చూసి, కస్టమర్‌కి ఫోన్ చేయడానికి. షిఫ్ట్ అలవెన్స్ మీద నెల రోజులు గొడవ జరిగింది, అది వేరే కథ.

ట్రాకర్‌లో మధ్యవర్తి బ్యాంకు దగ్గర రెండు గంటలు దాటి కదలని డాలర్ పేమెంట్లు ఇప్పుడు వాటంతటవే పసుపు రంగులోకి మారతాయి. గోడ మీద న్యూయార్క్ సెలవుల పట్టిక అంటించాం. కట్-ఆఫ్ హెచ్చరికని చిన్న అక్షరాల్లోంచి తీసి, ఓకే బటన్ పైన పెట్టమని ఐటీ వాళ్ళని అడిగాం. ఇది రాసేనాటికి ఇంకా రాలేదు.

కస్టమర్‌కి ఇచ్చిన సలహా మూడు ముక్కలు. ఆ 140 అక్షరాల గడిలో ఇన్వాయిస్ నంబర్, తేదీ తప్ప ఇంకేమీ రాయొద్దు. అది డైరీ కాదు. పేరు ఇన్వాయిస్ చూసి కాదు, సప్లయర్ బ్యాంకు స్టేట్‌మెంట్ మీద ఎలా ఉందో అలా రాయండి. డాలర్ పేమెంట్ గురువారం మధ్యాహ్నం తర్వాత పంపాల్సి వస్తే, సప్లయర్‌కి తేదీ చెప్పేముందు మాకొక ఫోన్ చేయండి. పేమెంట్ మెసేజ్‌లకి వచ్చిన కొత్త ఐఎస్‌ఓ 20022 ఫార్మాట్‌లో పేరు, ఊరు, దేశం వేటి గడి వాటికే ఉంటుంది గనక, మున్ముందు మెషీన్లకి వీధి పేరుకీ దేశం పేరుకీ తేడా కొంత తెలుస్తుందని ఆశ. 2025 నవంబర్‌తో బ్యాంకుల మధ్య పేమెంట్ ఆదేశాలకి పాత ఫార్మాట్ ఆగిపోయింది. మా నోళ్ళలో మాత్రం పేమెంట్ ఆదేశానికి ఇంకా ఆ పాత ఫార్మాట్ పేరే, ఎంటీ వన్ ఓ త్రీ.

నవంబర్‌లో అదే సప్లయర్‌కి ఆవిడ మళ్ళీ డాలర్లు పంపారు. మంగళవారం ఉదయం 8:40కి వెళ్ళింది. 9:15కి, సింగపూర్‌లో సాయంత్రం 4:15కి, జమ అయింది. ముప్పై ఐదు నిమిషాలు. పదింటికి ఫోన్ చేసి, ‘ట్రాకర్‌లో పడింది అని చూపిస్తోంది, నమ్మొచ్చా?’ అని అడిగారు. నమ్మొచ్చన్నాను. అయినా సప్లయర్ నుంచి మెయిల్ వచ్చేదాకా ఆగుతానన్నారు. వచ్చిన సరుకు అదే రంగు. ఇన్వాయిస్ మీద హవానా బ్రౌన్ అని అలాగే ఉంది. పేమెంట్‌లో మాత్రం నంబర్ ఒక్కటే.